మీది ఎంత శాతం?

జాబ్ మేళా జరుగుతున్న ఫంక్షన్ హాలు గుమ్మంలో ఒక అబ్బాయి నిలబడి ఉన్నాడు. నా చేతిలోని తెల్ల కర్ర చూసి, నేను నోరు తెరవకముందే "మేడమ్, మీది మూడో బల్ల" అన్నాడు. మొదటి బల్ల వినికిడి లేనివారిది. రెండోది కాళ్లు చేతుల ఇబ్బంది ఉన్నవారిది. మూడోది చూపు లేనివారిది. నేను బీకాం చదివానని, మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర పదకొండేళ్లు లెక్కలు రాశానని అతనికి తెలియదు. తెలుసుకోవలసిన పని ఉందని కూడా అనుకోలేదు. కర్ర చెప్పింది చాలు.

మూడో బల్ల మీద ఉన్నది ఒకే రకం ఉద్యోగం: కాల్ సెంటర్. చూపు లేనివాళ్ల గొంతు బాగుంటుందని, ఓర్పు ఎక్కువని, ఎంతసేపైనా మాట్లాడతారని ఎవరో ఎప్పుడో తేల్చేసినట్టున్నారు. నాకేమో ఫోనులో మాట్లాడటమంటే చిన్నప్పటి నుంచీ చిరాకు. మా పిన్ని ఫోను చేసినా రెండు ముక్కలు మాట్లాడి అమ్మ చేతికి ఇచ్చేస్తాను. "నాకు అకౌంట్స్‌లో పని కావాలండీ" అన్నాను. బల్ల అవతల కూర్చున్న అమ్మాయి మర్యాదగానే నవ్వి, "అది ఈ బల్ల మీద లేదు మేడమ్" అంది. ఏ బల్ల మీద ఉందని అడిగితే రెండో బల్ల వైపు పంపింది. అక్కడికి వెళితే, "మీరు మూడో బల్ల కదండీ" అన్నారు.

ఇది 2023 చివర్లో సంగతి. ఆ బల్లల దాకా రావడానికే నాకు ఏడేళ్లు పట్టింది.

నాకున్నది రెటినైటిస్ పిగ్మెంటోసా. ముందు రేచీకటి వస్తుంది. తర్వాత చూపు అంచుల నుంచి లోపలికి తరుగుతూ వచ్చి, మధ్యలో కాస్త మిగులుతుంది. మామూలు మనిషికి రెండు కళ్లతో అడ్డంగా దాదాపు 180 డిగ్రీల మేర కనిపిస్తుంది. నాకు 20 డిగ్రీలలోపే. పాత సినిమా హాళ్లలో టికెట్ కౌంటరుకు చెయ్యి పట్టేంత కన్నం ఒకటి ఉండేది. లోకమంతా నాకు ఆ కన్నంలోంచే. అందులో పడినది మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. దినపత్రిక చదువుతాను, సూదిలో దారం ఎక్కిస్తాను, పక్కనే ఉన్న స్టూలు తగిలి బోర్లా పడతాను. నా తంటా అంతా ఇక్కడే. చూపు అసలు లేకపోతే జనానికి అర్థమవుతుంది. కొంచెం ఉంటే నటన అనుకుంటారు.

చిన్నప్పుడు కరెంటు పోతే ఇంట్లో అందరూ లేచి కొవ్వొత్తి కోసం వెతికేవారు. నేను కదలకుండా కూర్చునేదాన్ని. ఎంత బుద్ధిమంతురాలో అని మెచ్చుకునేవారు. ఏమీ కనిపించక కూర్చున్నానని నాకూ తెలియదు, చీకట్లో అందరికీ అంతే అనుకున్నాను. 2016లో బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో జబ్బు పేరు చెప్పినప్పుడు డాక్టరు గారు ఇంట్లో మేనరికాలు ఉన్నాయా అని అడిగారు. మా అమ్మకు సొంత మేనమామతోనే పెళ్లి. దగ్గరి సంబంధాల పిల్లల్లో ఇలాంటి జబ్బులు బయటపడే అవకాశం ఎక్కువని ఆయన నెమ్మదిగా వివరించారు. ఆ రోజు నుంచి అమ్మ నాన్నతో పోట్లాడటం మానేసింది. జబ్బు కన్నా అది మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది.

ఉద్యోగం 2021లో పోయింది. నెలాఖరు స్టాకు లెక్క చూడటానికి గోదాములోకి వెళ్లి, దారిలో పెట్టిన సెలైన్ సీసాల అట్టపెట్టెల మీద పడ్డాను. దెబ్బ నాకే తగిలింది, సీసాలు క్షేమం. యజమాని మంచి మనిషే. "అమ్మా, రేపు నీకేదైనా అయితే మీ నాన్నకు నేను ఏమని సమాధానం చెప్పుకోవాలి?" అని రెండు నెలల జీతం చేతిలో పెట్టారు. అంత ఆప్యాయంగా ఎవరూ ఎవరినీ పనిలోంచి తీసేసి ఉండరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 20వ సెక్షన్ ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో మరో పనికి మార్చాలి అంటుంది. అయితే ఆ రక్షణ ప్రభుత్వ సంస్థల్లో పనిచేసేవారికి. మందుల పెట్టెల మధ్య కూర్చుని బిల్లులు సరిచూసుకునే నాబోటి వారికి కాదు. ఈ సెక్షన్ ఉందని నాకు ఏడాది తర్వాత తెలిసింది. నాకు వర్తించదని మరో పది నిమిషాల తర్వాత తెలిసింది.

ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలంటే ముందు వైకల్యం ఎంత శాతమో రాసిన కాగితం ఉండాలన్నారు. మన దగ్గర దాన్ని సదరం అంటారు. అప్పట్లో మీసేవలో స్లాటు తీసుకోవాల్సి వచ్చేది, ఫోనుకు తేదీ వచ్చేది, ఆ రోజు చెప్పిన ఆసుపత్రిలో క్యాంపుకు వెళ్లాల్సి ఉండేది. మా వీధి మీసేవ కుర్రాడు మూడు నెలలు ప్రయత్నించి ఒక స్లాటు పట్టుకున్నాడు. క్యాంపులో డాక్టరు గారు గోడ మీది అక్షరాల చార్టు చదవమన్నారు. కింది నుంచి రెండో వరుస దాకా గడగడా చదివేశాను. (అలా చదవకుండా ఉండాల్సిందని తర్వాత వరుసలో పెద్దాయన ఒకరు సలహా ఇచ్చారు.) "చూపు బాగానే ఉందమ్మా" అని పంపించేశారు. లేచి వెనక్కి తిరిగేసరికి తలుపు రెక్క నుదుటికి కొట్టుకుంది. ఆయన అప్పటికే తర్వాతి పేరు పిలిచారు.

చట్టం మాత్రం రెండూ చూడమంటుంది: చూపు పదును, చూపు మేర. మేర 40 డిగ్రీల కన్నా తగ్గితే తక్కువ చూపు, 10 డిగ్రీల కన్నా తగ్గితే అంధత్వం. గోడ మీది చార్టు పదునును మాత్రమే కొలుస్తుంది. మేర తెలియాలంటే ఫీల్డ్ టెస్టు చేయించుకోవాలి. తెల్లని గిన్నె లాంటి పరికరం ముందు గడ్డం ఆనించి, మధ్యలో ఉన్న గుర్తు మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చోవాలి. ఎక్కడో ఒక వెలుగు చుక్క మెరుస్తుంది. కనిపించినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి. మొదట్లో నాలుగైదు సార్లు నొక్కాను. ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. "యంత్రం ఆగిపోయినట్టుందండీ" అన్నాను. "లేదమ్మా, నడుస్తూనే ఉంది" అంది టెక్నీషియన్. అప్పటిదాకా ఎంతమంది డాక్టర్లు చెప్పినా ఎక్కని సంగతి ఆ మాటతో ఎక్కింది.

ఆ రిపోర్టు పట్టుకుని మళ్లీ స్లాటు, మళ్లీ క్యాంపు. ఈసారి 70 శాతం రాశారు. రిజర్వేషన్‌కు 40 ఉంటే చాలు. తర్వాత యూడీఐడీ కార్డు, అంటే దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు వచ్చింది, పసుపు గీతది. 80 నుంచి పైవాళ్లకు నీలం గీత. అప్పటి నుంచి నా పలకరింపులు మారిపోయాయి. మిగతావాళ్లు ఊరు, ఇంటిపేరు అడిగే చోట మావాళ్లు "మీది ఎంత శాతం?" అని అడుగుతారు. 80 వాళ్లు 45 వాళ్లను కాస్త చులకనగా చూస్తారు కూడా, "ఆ, మీకేముందిలే" అన్నట్టు. కాగితాల మీద మమ్మల్ని దివ్యాంగులంటారు, పింఛను వరుసలో వికలాంగులంటారు, ఆఫీసుల్లో పీహెచ్ (ఫిజికల్లీ హ్యాండిక్యాప్డ్) అంటారు. నాలో దివ్యమైనది ఏమిటో నాకింకా కనిపించలేదు. బహుశా ఆ 20 డిగ్రీల అవతల ఉందేమో.

సికింద్రాబాద్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే మూడు నెలల శిక్షణలో చేరాను. తరగతిలో ఇరవై ఇద్దరం, అందులో ఆడవాళ్లం ఐదుగురం. 2011 జనగణన ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్ల మంది. మగవారిలో 47 శాతం ఏదో ఒక పని చేస్తుంటే, ఆడవారిలో 23 శాతమే. ఆ లెక్క చదివినప్పుడు మా తరగతి గదే గుర్తొచ్చింది. మిగతా నలుగురిలో ఇద్దరిని ఇంట్లో ఎవరో ఒకరు తీసుకొచ్చి, సాయంత్రం దాకా బయట బెంచీ మీద కూర్చుని, తీసుకువెళ్లేవారు. ఉద్యోగం వచ్చాక ఆ బెంచీ మనిషి ఏం చేస్తాడన్నది ఆ ఇళ్లలో ఎవరూ మాట్లాడుకోని ప్రశ్న.

నేర్పింది స్క్రీన్ రీడర్. తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివిపెట్టే సాఫ్ట్‌వేర్. మేము వాడింది ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాలో చూపు లేని ప్రోగ్రామర్లు 2006లో మొదలుపెట్టి అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. డబ్బు కట్టనక్కర్లేకపోవడం వల్లే మా గదిలో ఇరవై కంప్యూటర్లు మాట్లాడుతుండేవి. మొదటి వారం ఆ గొంతు వింటే తలనొప్పి వచ్చేది. రెండో నెలకు వేగం పెంచుకున్నాను. ఇప్పుడు నేను వినే వేగంలో మా తమ్ముడికి ఒక్క మాట అర్థం కాదు, పురోహితుడు దక్షిణ అందాక చదివే మంత్రంలా ఉందంటాడు.

నా మొదటి గొడవ అక్షరాల సైజు మీద వచ్చింది. తక్కువ చూపు అనగానే సారు నా తెర మీద అక్షరాలను అరచేయంత చేశారు. చూపు మసకగా ఉన్నవారికి అది పనికొస్తుంది. నాకు మసక లేదు, ఇరుకు ఉంది. అక్షరం ఎంత పెద్దదైతే నా కన్నంలో అన్ని తక్కువ పడతాయి. "మొత్తం" అన్న మాటలో "మొ" ఒక్కటే కనిపిస్తుంటే కూడిక ఎలా చూసేది? మామూలు సైజులో, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పెట్టుకుంటే నాకు హాయి. ఇది సారుకు ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. పదేళ్లుగా తక్కువ చూపు వారికి నేర్పుతున్న మనిషి ఆయన, పైగా ఆయనకు అసలు చూపు లేదు. ఒప్పుకున్నాక మాత్రం తర్వాత వచ్చిన ప్రతి ఒక్కరినీ "మసకా, ఇరుకా?" అని అడగడం మొదలుపెట్టారు. నేను అకౌంట్లకు పదేళ్లు వాడిన సాఫ్ట్‌వేర్‌లో సగం పెట్టెలను స్క్రీన్ రీడర్ పలకలేదు. ఎక్సెల్ మాత్రం గడి గడికీ మాట్లాడింది. అందుకని ఎక్సెల్ మీద పడ్డాను.

మధ్యాహ్నం భోజనం అన్ని తరగతుల వారికీ ఒకే చోట. నేను నిజంగా నేర్చుకున్నది అక్కడే.

ఒకాయనను అందరూ బూత్ అన్న అనేవారు. యాభై దాటాయి, పోలియో, రెండు కాళ్లకూ క్యాలిపర్లు. 1990లలో మన నగరంలో ఏ మలుపు తిరిగినా ఒక పసుపు పచ్చ ఎస్టీడీ బూత్ ఉండేది, వాటిలో చాలా వాటిని వికలాంగులకే కేటాయించేవారు. అన్నకు చిక్కడపల్లిలో ఒకటి ఉండేది. రాత్రి చార్జీలు తగ్గే వేళకు తన బూత్ ముందు వరుస ఎక్కడిదాకా ఉండేదో, దుబాయ్‌కి ఫోను చేసి ఎవరు ఎంతసేపు ఏడ్చేవారో కథలు కథలుగా చెప్పేవారు. సెల్‌ఫోను వచ్చింది, బూత్ పోయింది. సంస్థ వారు ఆయనకు డేటా ఎంట్రీ చూశారు. కూర్చుని చేసే పని, కాళ్లతో అవసరం లేదు, పైకి చూస్తే చక్కగా సరిపోతుంది. ఆయన ససేమిరా అన్నారు. "గదిలో కూర్చుని అంకెలు కొట్టమంటే నాకు జైలేనమ్మా. నలుగురు వచ్చిపోయే చోటు కావాలి" అనేవారు. చివరికి ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ రిసెప్షన్‌లో చేరారు. జీతం డేటా ఎంట్రీ కన్నా తక్కువ.

ఇంకొక అబ్బాయికి వినపడదు, ఇరవై మూడేళ్లు. శంషాబాద్ వైపు ఒక గోదాములో పార్శిళ్లు కట్టేవాడు, కంప్యూటర్ నేర్చుకుందామని సెలవు రోజుల్లో వచ్చేవాడు. కూకట్‌పల్లిలో వాళ్ల ఇంటి దగ్గరే ఆఫీసు పని, జీతం ఎక్కువ, ఇస్తామన్నా వద్దన్నాడు. సంస్థ వారికి కోపం వచ్చింది, వీడికి ఎదగాలని లేదు అన్నారు. నేను ఫోనులో టైపు చేసి ఎందుకని అడిగాను. గోదాములో తనలాంటి వాళ్లు పద్నాలుగు మంది ఉన్నారట. టీ తాగేటప్పుడు చేతులతో మాట్లాడుకుంటారు, కొట్టుకుంటారు, క్రికెట్ గురించి వాదించుకుంటారు. కొత్త ఆఫీసులో తను ఒక్కడే. అతను టైపు చేసి చూపించింది నాకు అక్షరం అక్షరం గుర్తుంది: "అక్కడ జీతం ఉంది. మాటలు లేవు."

ఆ మాటలు చూశాక నాకు సిగ్గేసింది. అందాకా నేనూ చెవిటివాళ్లకు గోదాము పని బాగుంటుంది, శబ్దం ఇబ్బంది ఉండదు అని అనుకునేదాన్ని. మూడో బల్ల వాళ్లకూ నాకూ తేడా ఏమిటి?

ప్రభుత్వ ఉద్యోగాల దారి కూడా తొక్కాను. ఆ 2016 చట్టమే రిజర్వేషన్‌ను 3 నుంచి 4 శాతానికి పెంచింది, అందులో చూపు సమస్య ఉన్నవారికి 1 శాతం. 2021 జనవరిలో కేంద్రం తన ఉద్యోగాల్లో ఏవి ఎవరికి అనువైనవో జాబితా ప్రకటించింది, 3,566 పోస్టులు. ఒక్కో పోస్టు పక్కన కొన్ని అక్షరాలుంటాయి. ఎస్ అంటే కూర్చోవడం, ఎస్‌టీ అంటే నిలబడటం, డబ్ల్యూ నడవడం, బీఎన్ వంగడం, ఎస్ఈ చూడటం, హెచ్ వినడం. మొదటిసారి ఎస్‌టీ అని చూసి, ఇది గిరిజనుల పోస్టు కాబోలని పేజీ తిప్పేశాను. ఆ అక్షరాలు ఒంటి గురించి చాలా అడుగుతాయి. వంగగలవా, ఎక్కగలవా, ఎత్తగలవా, వేళ్లు ఆడించగలవా. పెళ్లిచూపుల్లో కూడా అమ్మాయిని ఇన్ని అడగరు. అయినా ఆ జాబితా చెడ్డదని అనను. అది లేని ప్రైవేటు లోకంలో "మీకు సరిపోదండీ" అనే ఒక్క మాటే జాబితా, దాని మీద వాదించడానికి కాగితం కూడా ఉండదు. రాసిపెట్టిన నియమం మీద కోర్టుకైనా వెళ్లవచ్చు. చూపు లేనివారు న్యాయాధికారి పదవికి పనికిరారని చెప్పే మధ్యప్రదేశ్ నియమాన్ని సుప్రీంకోర్టు 2025 మార్చిలో కొట్టేసింది. నాన్న ఆ వార్తను నాకు వినిపించాలని రెండుసార్లు పైకి చదివారు. నేను చదవగలనని ఆయనకు తెలుసు.

2023 జులైలో గ్రూప్-4 రాశాను. ప్రశ్నపత్రం మీది నుంచి ఓఎంఆర్ షీటు మీదికి చూపు మార్చేసరికి నా వరుస తప్పిపోయేది. 61కి పెట్టాల్సిన చుక్క 62కి పెట్టానేమోనని స్కేలు అడ్డం పెట్టుకుని పరీక్షంతా రాశాను. రాలేదు.

ఇక ఇంటర్వ్యూలు. మొదటిది మాదాపూర్‌లో. అరగంటలో ఇరవై అయిదు నిమిషాలు నా గురించి తప్ప నా పని గురించి ఎవరూ అడగలేదు. రోజూ ఎవరు తీసుకొస్తారు, మెట్లు దిగగలరా, బాత్‌రూముకు తోడు కావాలా, పెళ్లి చేసుకోలేదేం. చివరి ఐదు నిమిషాలు వాళ్ల కంపెనీ ఎంత దయగలదో చెప్పారు. రెండో చోట ఇంకో కథ. పిలిచేదాకా బయట కూర్చుని, కర్ర ఒళ్లో పెట్టుకుని, ఫోనులో వార్తలు చదువుకుంటున్నాను. లోపలికి వెళ్లగానే, "ఫోను చూస్తున్నారుగా, మరి కర్ర దేనికి?" అన్నారు. నా కన్నం కథ మొత్తం చెప్పాను. సదరం కాగితం చూపించాను. ఆయన కాగితాన్ని వెనక్కి ముందుకీ తిప్పి చూశారు, దొంగనోటు చూసినట్టు.

మూడోది వచ్చింది. గచ్చిబౌలిలో, నెలకు 31,000, నేను కోరుకున్న లెక్కల పనే. వేళలు మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి తొమ్మిది. నేను వద్దన్నాను.

ఇంట్లో రెండు రోజులు ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు. ఉద్యోగమే వద్దన్న అమ్మకు కూడా 31,000 వద్దనడం నచ్చలేదు. అంతకుముందు అమ్మ లెక్క వేరు: పింఛను 2023లోనే 3,016 నుంచి 4,016 అయింది, ఇంటి పట్టున ఉంటే అది ఖాయం, ఉద్యోగంలో చేరితే పింఛను పోతుంది, తర్వాత ఉద్యోగమూ పోతే రెంటికీ చెడ్డ రేవడి. శిక్షణలో చాలామంది ఇళ్లలో ఇదే లెక్క, దాన్ని తప్పు పట్టలేను. సంస్థలో ప్లేస్‌మెంట్ చూసే మేడమ్ అయితే బాధపడ్డారు. "వచ్చినదాన్ని కాదంటే తర్వాత పిలిచేవాళ్లు ఉండరమ్మా. మన పరిస్థితిలో ఇష్టాయిష్టాలు చూసుకోకూడదు" అన్నారు. ఆవిడ చెడ్డ ఉద్దేశంతో అనలేదు. కంపెనీల చుట్టూ తిరిగి ఒక్కో ఉద్యోగం ఎంత కష్టపడి తెస్తారో నేను చూశాను.

కానీ ఇది ఇష్టం సంగతి కాదు, సూర్యుడి సంగతి. చీకటి పడ్డాక నాకు ఆ 20 డిగ్రీలు కూడా మిగలవు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో అమీర్‌పేట, అక్కడ రైలు మారి రాయదుర్గం. మెట్రో వరకు నాకు సుఖమే. వెలుతురు ఉంటుంది, స్టేషన్ పేరు తెలుగులో చెబుతారు, నేల మీద పసుపు పలకలు కర్రకు తగులుతాయి (వాటి మీదే నిలబడి ఫోను చూసుకునేవాళ్లు కూడా తగులుతారు). రాయదుర్గంతో మెట్రో అయిపోతుంది. అక్కడి నుంచి ఆఫీసుకు ఆటో. వెళ్లేటప్పుడు పగలు, తిరిగి వచ్చేటప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. తవ్విపెట్టిన ఫుట్‌పాత్, ఎదురుగా హెడ్‌లైట్లు, ఏది ఆటోనో ఏది కాదో. మహిళలకు 2023 డిసెంబరు నుంచి బస్సు ఉచితమైంది, సంతోషం. కానీ రాత్రి బస్సు నంబరు కనిపించనివారికి ఉచితమైనా ఒకటే, టికెట్టైనా ఒకటే. రోజూ క్యాబు ఎక్కితే 31,000లో సగం దానికే. ఈ కూడికలు తీసివేతలు ఏ దరఖాస్తులోనూ ఉండవు. "వచ్చిన ఉద్యోగం తిరస్కరించారు" అన్న ఒక్క గడి ఉంటుంది.

2024 మార్చిలో నాలుగో ఇంటర్వ్యూ. బేగంపేటలో సరుకు రవాణా కంపెనీ, మెట్రో మెట్లు దిగితే రెండు వందల అడుగులు. అకౌంట్స్ మేనేజరు నాతో కర్ర గురించి, జబ్బు గురించి ఒక్క మాట అడగలేదు. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ వేయించి, ఒక ఎక్సెల్ ఫైలు తెరిచి, "ఇందులో ఎక్కడో డబ్బు పోతోంది. గంటలో చెప్పండి" అని వెళ్లిపోయారు. నాకు ఒళ్లు పులకరించింది. మూడేళ్లయింది ఎవరైనా నాకు లెక్క అప్పగించి. డీజిలు బిల్లులు, లారీల వారీగా. నలభై నిమిషాలకు దొరికింది. ఒకే బిల్లు రెండుసార్లు చెల్లించారు, రెండోసారి బిల్లు నంబరులో సున్నా బదులు ఇంగ్లిషు "ఓ" అక్షరం కొట్టారు. కంటితో చూస్తే రెండూ ఒకటే. నా స్క్రీన్ రీడర్ గొంతు మాత్రం ఒకసారి "జీరో" అంది, ఒకసారి "ఓ" అంది. ఆయనకు అది చెప్పినప్పుడు మొదటిసారి నవ్వారు. తర్వాతే ఆ ప్రశ్న అడిగారు: "మీకు ఏ పని చేయాలనుంది?"

ఇంతకాలం ఎదురుచూసిన ప్రశ్నే. అడిగేసరికి నోట మాట రాలేదు. ఏమేం చేయలేనో వరుసగా చెప్పడం అలవాటై, చేయాలనుకున్నది ఎప్పుడో మూట కట్టి అటక మీద పెట్టేశాను. కాసేపాగి, బిల్లులు సరిచూసే పని చాలన్నాను.

24,000. గచ్చిబౌలి కన్నా ఏడు వేలు తక్కువ, పాత ఉద్యోగం కన్నా మూడు వేలు ఎక్కువ. చేరేముందు ఒకటే అడిగాను: వేసవిలో తొమ్మిది నుంచి ఐదున్నర, చలికాలంలో ఎనిమిది నుంచి నాలుగున్నర. నవంబరు చివర హైదరాబాద్‌లో ఐదూ నలభైకే పొద్దు పోతుంది. జూన్‌లో ఆరున్నర దాటినా వెలుతురు ఉంటుంది. హెచ్ఆర్ వారు నా కోసం నియమం మార్చలేమన్నారు. చట్టంలో సహేతుకమైన సర్దుబాటు అనే మాట ఉందని, పని గంటలు అన్నే ఉంటాయని, గంట ముందు వచ్చి గంట ముందు వెళతానని రాసి ఇచ్చాను. పన్నెండు రోజులు ఏమీ తేల్చలేదు. మేనేజరు గారు వెళ్లి ఏం మాట్లాడారో తెలియదు, పదమూడో రోజు సరే అన్నారు. ఆ మొదటి చలికాలం నాలుగున్నరకు నేను సంచి సర్దుకుంటుంటే పక్క సీటు అమ్మాయి "అదృష్టవంతులండీ మీరు" అనేది. ఎనిమిదింటికి నేను వచ్చి ఏసీ వేసే వేళకు ఆవిడ ఇంకా నిద్రలో ఉంటుందని నేను అనలేదు. అనాలనిపించింది.

బూత్ అన్న అప్పుడప్పుడు ఫోను చేస్తారు. ఆయన ఫోను మాత్రం అమ్మకు ఇవ్వను.

మొన్న డిసెంబరులో ఆఫీసులో అందరికీ ఒక ఫారం ఇచ్చారు. వచ్చే ఏడాది ఏ విభాగంలో పనిచేయాలనుకుంటున్నారో రాయమన్నారు. నేను ఇంటర్నల్ ఆడిట్ అని రాశాను. మేనేజరు గారు అది చదివి నన్ను పిలిచారు. ఆడిట్ అంటే మేడ్చల్, పటాన్‌చెరు గోదాములన్నీ తిరగాలట. నెలకు పది రోజులు బయటే. "లోపల దారి నిండా అట్టపెట్టెలండీ" అన్నారు, ఆయనే ఇబ్బందిపడుతూ.

"అట్టపెట్టెల మీద పడటం నాకు అలవాటే సార్" అన్నాను. "ఆడిట్ పగలే కదా చేసేది?"

నవ్వాలో వద్దో తెలియక ఆయన కాస్త ఆగారు. ఫారం ఇంకా ఆయన బల్ల మీదే ఉంది.